కీమో మొదలయ్యాక ఏ రోజు ఏం జరుగుతుంది?

సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కీమోథెరపీ గురించే. వాటిని కుదించి, పేర్లు తీసేసి, ఊళ్లు మాత్రం ఉంచాం. ఒకే సంగతి పదిమంది అడిగితే ఒక్కరికే జవాబు రాశాను. మందు మార్చమనో, మోతాదు తగ్గించమనో ఇక్కడి నుంచి చెప్పను. అది మిమ్మల్ని కళ్లారా చూస్తున్న డాక్టరు చెప్పాల్సిన మాట.

అమ్మ ఖమ్మంలో ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. హైదరాబాద్‌లో కీమో మొదలుపెడుతున్నారు. 21 రోజులకొకటి చొప్పున నాలుగు, ఆ తర్వాత వారం వారం పన్నెండు అన్నారు. నాకు మూడు వారాలే సెలవు. మొదటి కీమోకి రావాలా, చివర్లో కష్టం ఎక్కువని అప్పటికి దాచుకోవాలా?
*– ఒక కుమారుడు, డాలస్*

మొదటి కీమోకి రెండు రోజుల ముందే దిగండి. మూడు వారాలూ ఇక్కడే ఉండండి.

కీమో రోజున బంధువులందరూ వస్తారు. పళ్లు తెస్తారు, ధైర్యం చెబుతారు, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతారు. తొమ్మిదో రోజున ఆమె ఒక్కతే ఇంట్లో ఉంటుంది. నిజంగా మనిషి కావలసింది ఆ తొమ్మిదో రోజున.

కీమో రోజు చప్పగానే గడుస్తుంది. రక్తపరీక్ష చూస్తారు, బరువు తూస్తారు. ఎత్తు, బరువు కలిపి లెక్కగట్టే మోతాదు నిర్ణయిస్తారు. ముందు వాంతులు రాకుండా ఇంజెక్షన్లు, తర్వాత అసలు మందు. మీరు రాసిన లెక్క ప్రకారం మొదటి నాలుగింటిలో డాక్సోరుబిసిన్ కానీ ఎపిరుబిసిన్ కానీ ఉంటుంది, తోడుగా సైక్లోఫాస్ఫమైడ్. సగం పూట డే కేర్‌లో ఉండి ఇంటికి వచ్చేస్తారు. ఆ రాత్రి చాలామంది ‘ఇంతేనా, దీనికా ఇంత భయపడ్డాం’ అంటారు.

రెండో రోజు నుంచి అయిదో రోజు దాకా వికారం, నోరు చేదు, నీరసం. వాంతుల మాత్రలు వాంతి అయ్యాక వేసుకునేవి కావు. చీటీలో రాసినన్ని రోజులు, రాసిన వేళకి, వికారం లేకపోయినా వేసుకోవాలి. ఒకసారి వాంతులు పట్టుకున్నాక ఆపడం కష్టం, రాకుండా చూడటం తేలిక. మూడో నాలుగో రోజున ఒంట్లో సత్తువంతా ఎవరో లాగేసినట్టు ఉంటుంది. వాంతులు ఆపడానికి ఇచ్చిన స్టెరాయిడ్ ఆగిపోవడం దానికి ఒక కారణం. ఒండాన్‌సెట్రాన్ మాత్రలకు మలబద్ధకం వస్తుంది, తలనొప్పి కూడా. ముందే విరేచనానికి మందు అడిగి ఉంచుకోండి. పాతకాలపు సినిమాల్లో చూపించినంత వాంతులు ఇప్పుడు చాలామందికి ఉండవు. అయినా ఆపుకోలేనంతగా వస్తే ఓర్చుకోనక్కర్లేదు. ఓలాంజపీన్, అప్రెపిటాంట్ లాంటివి కలిపి తర్వాతి సైకిల్‌కి సరిచేస్తారు. చెప్తేనే కదా సరిచేసేది.

ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకూ పైకి మనిషి తేరుకున్నట్టే కనబడతారు. అదే అసలు జాగ్రత్త పడాల్సిన వారం. కీమో దెబ్బ నారుమడి మీద పడుతుంది, నాటిన పొలం మీద కాదు. మూలుగలో తయారవుతున్న లేత కణాలు పోతాయి. రక్తంలో అప్పటికే ఉన్నవి తమ కాలం తీరేదాకా పనిచేసి రాలిపోతాయి. వాటి చోట నాటడానికి కొత్త నారు ఉండదు. అందుకే తెల్లకణాలు కీమో ఎక్కించిన రోజున కాకుండా, వారం పైచిలుకు గడిచాక అడుగంటుతాయి. పదిహేను దాటాక మళ్లీ లేస్తాయి. ఇరవై ఒక్క రోజుల ఎడం పెట్టింది మూలుగ కోలుకోవడానికే. మూడో వారంలో ఆకలి తిరిగొస్తుంది, మనిషి మామూలవుతారు. జుట్టు ఊడటం మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే.

మీ మూడు వారాల్లో ఒక చక్రం (సైకిల్) దాదాపు పూర్తిగా కళ్లతో చూస్తారు. ఆ లోపల ఇంట్లో నాలుగు ఏర్పాట్లు చేసి వెళ్లండి: ఒక డిజిటల్ థర్మామీటరు, రిపోర్టులన్నీ ఒకే ఫైలులో, ఆస్పత్రి ఎమర్జెన్సీ నంబరు గోడ మీద, అర్ధరాత్రి కారు తీయగల మనిషి ఎవరో ముందే మాట్లాడి పెట్టుకోవడం. గుండె ఎకో, హెపటైటిస్-బి పరీక్ష అయ్యాయో లేదో అడగండి. ఆ వైరస్ ఒంట్లో నిద్రపోతూ ఉంటే కీమోకి లేచి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ముందే తెలిస్తే మాత్రతో ఆపొచ్చు. వారం వారం వేసే పన్నెండు చాలామందికి మొదటి నాలుగింటికంటే తేలికగా గడుస్తాయి. ఇన్నిసార్లు సూది పడాలి కనుక పోర్ట్ పెట్టించే సంగతి కూడా అడగండి. విమానం దిగాక జలుబు చేస్తే మాత్రం అది తగ్గేదాకా అమ్మ గదిలోకి వెళ్లకండి.

మా వారికి కీమో అయిన తొమ్మిదో రోజు రాత్రి 101 జ్వరం వచ్చింది. మా ఊరి ఆర్ఎంపీ నడుముకి ఇంజెక్షన్ చేసి మాత్ర ఇచ్చాడు, తగ్గింది. పొద్దున్న ఫోన్ చేస్తే ఆస్పత్రి వాళ్లు కేకలేశారు. వెంటనే రమ్మని అయిదు రోజులు ఉంచేశారు. ఆ మాత్రం జ్వరానికి అంత అవసరమా? డబ్బు కోసమేమోనని మా బావగారు అంటున్నారు.
*– ఒక సోదరి, తెనాలి*

మీ బావగారి అనుమానం నాకు అర్థమవుతుంది. కొన్నిచోట్ల కొన్ని బిల్లుల విషయంలో అది నిజం కూడా కావచ్చు. కానీ ఈ ఒక్క సంగతిలో కాదమ్మా. మీరు రాసినదాంట్లో ప్రమాదమైన భాగం ‘పొద్దున్న ఫోన్ చేస్తే’ అన్నదే.

100.4 డిగ్రీలు. ఆ అంకె గుర్తుంచుకోండి. కీమో మధ్యలో ఒంటి వేడి అది దాటితే అర్ధరాత్రయినా, పండగయినా, మనిషి కూర్చుని కబుర్లు చెబుతున్నా ఆస్పత్రికి బయలుదేరాలి. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి ఉంటాయి. సూక్ష్మజీవులతో మొదట తలపడేది అవే. వాటి సంఖ్య 500 కంటే తగ్గిపోయినప్పుడు చీము పట్టదు, దగ్గుకి కఫం రాదు, వాపు రాదు. అవన్నీ ఆ కణాలు పోరాడితే కనబడే గుర్తులు. పోరాడేవాళ్లే లేనప్పుడు జ్వరం ఒక్కటే బయటపడే ఆధారం. ఆ స్థితిలో సాయంత్రం మామూలుగా ఉన్న మనిషికి తెల్లారేసరికి బీపీ పడిపోవచ్చు. అందుకే అలాంటి పేషెంటు తలుపు దాటి లోపలికి వచ్చిన గంటలోపే నరం ద్వారా యాంటీబయాటిక్ పడాలన్నది మా వైద్యంలో నియమం. ముందు రక్తం తీస్తారు, ఫలితం వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెడతారు.

పారాసిటమాల్ జ్వరాన్ని దించుతుంది కానీ లోపలున్న ఇన్‌ఫెక్షన్‌ను ముట్టుకోదు. జ్వరం తగ్గింది కదా అని అందరూ పడుకుంటారు. మీ ఊరి ఆర్ఎంపీని నేను తిట్టను. ఆ వేళకి తలుపు తీసింది ఆయనే. ఆయనకి రెండు మాటలు చెప్పి ఉంచండి: కీమో పేషెంటుకి నడుముకి కానీ చేతికి కానీ కండ ఇంజెక్షన్లు వద్దు, ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే లోపల రక్తం కారి గడ్డకట్టి ఇన్‌ఫెక్షన్ రావచ్చు. రెండోది, జ్వరమని పిలిస్తే ఆయన చేయాల్సింది ఆటో మాట్లాడటం.

కీమో ఇచ్చిన ఆస్పత్రికే వెళ్లాలని గంటల తరబడి ప్రయాణం పెట్టుకోకండి. రక్తపరీక్ష చేసి, నరానికి యాంటీబయాటిక్ ఎక్కించగల ఆస్పత్రి దగ్గర్లో ఏదుంటే అక్కడికి వెళ్లి ‘కీమో అయి ఇన్ని రోజులు’ అని మొదటి మాటగా చెప్పండి. జ్వరం లేకుండా వణుకు వచ్చినా, మనిషి మాట తడబడినా, ఒక్కసారిగా నీరసించినా అదే దారి. స్టెరాయిడ్ వాడేవారికి, వయసు మళ్లినవారికి జ్వరం పైకి కనబడకపోవచ్చు.

ఇకముందు ఆయనకి కీమో మర్నాడు ఫిల్‌గ్రాస్టిమ్ రకం ఇంజెక్షన్ రాస్తారేమో. అది మూలుగను తొందరపెట్టి తెల్లకణాలు తయారు చేయిస్తుంది. దానికి నడుము, తొడ ఎముకలు లాగేస్తాయి. ఆ నొప్పి చూసి క్యాన్సర్ ఎముకలకు పాకిందని హడలిపోకండి, రెండు మూడు రోజుల్లో పోతుంది.

ఎర్రగా ఉండే మందు ఎక్కించారు. ఇంటికి వచ్చాక మూత్రం ఎర్రగా పోతోంది. రక్తమా?
*– శ్రీకాకుళం*

కాదు. డాక్సోరుబిసిన్ రంగే అది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఆ తర్వాత కూడా ఎరుపు ఉన్నా, మంట ఉన్నా చెప్పండి. ఈ మందు విషయంలో భయపడాల్సింది వేరే ఉంది. ఎక్కుతున్నప్పుడు సూది చుట్టూ మంటగా అనిపించినా, వాచినా ‘సిస్టర్, మండుతోంది’ అని ఆ క్షణమే అరవండి. నరం దాటి బయటికి కారితే చర్మం, కండ కాలినట్టు చచ్చిపోతాయి. సిస్టర్ ఏమనుకుంటుందోనన్న మొహమాటం ఆ కుర్చీలో పనికిరాదు.

మా ఆయనకి పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత కీమో ఇస్తున్నారు. మా అత్తగారు పథ్యం మొదలుపెట్టారు. గుడ్డు వద్దు, చేప వద్దు, వంకాయ వద్దు, పెరుగు చలవ వద్దు. పంచదార క్యాన్సర్‌ని పెంచుతుందని కాఫీ కూడా మాన్పించారు. పొద్దున్నే తిప్పతీగ రసం, గోధుమగడ్డి రసం. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. ఏమైనా అంటే ‘నా కొడుకు నాకు తెలుసు’ అంటారు. ఏం పెట్టమంటారు?
*– ఒక సోదరి, రాజమహేంద్రవరం*

ఈ ఉత్తరాన్ని మీ అత్తగారికే చదివి వినిపించండి. జవాబు ఆవిడకే రాస్తున్నాను.

అమ్మా, మీరు కొడుకు మీద ప్రేమతోనే చేస్తున్నారు. కామెర్లకీ, ఆపరేషన్లకీ, పురిటికీ మన ఇళ్లలో పథ్యం పెట్టడం తరతరాలుగా ఉన్నదే. కానీ కీమోకి పథ్యం లేదు. ఈ వైద్యంలో ఒళ్లు తనను తాను రోజూ మరమ్మతు చేసుకోవాలి. మూలుగలో కణాలు, పేగులోపలి పొర, నోటి పొర, అన్నీ కొత్తగా కట్టుకోవాలి. దానికి మాంసకృత్తులు కావాలి. గుడ్డు, చేప, కోడి, పప్పు, పాలు, పెరుగు మానిపించి అదెలా కట్టుకోమంటారు? బరువు తగ్గిన కొద్దీ కీమో ఒంటికి పడదు. మోతాదు తగ్గించాల్సి వస్తుంది, మధ్యలో వాయిదాలు పడతాయి. ఆరు కిలోలు మీ కొడుకుకి క్యాన్సర్ ఒక్కటే తగ్గించలేదేమో ఆలోచించండి.

గుడ్డు పూర్తిగా ఉడికించి పెట్టండి. చేప పులుసు పెట్టండి, గోదావరి ఒడ్డున ఉండి చేప మాన్పించడం అన్యాయం. వంకాయ ఆయనకి ఇష్టమైతే వండండి. కాచిన పాలతో ఇంట్లో తోడేసిన పెరుగు మంచిదే. పంచదార గురించి చెప్పేవాళ్ల మాట సగమే నిజం. క్యాన్సర్ కణం చక్కెర వాడుకుంటుంది, మెదడూ వాడుకుంటుంది, గుండే వాడుకుంటుంది. మీరు కాఫీలో చెంచా పంచదార మాన్పిస్తే గడ్డ ఎండిపోదు, ఆయనే ఎండిపోతారు. షుగరు జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. వాంతుల కోసం ఇచ్చే డెక్సామెథాసోన్‌కి రెండు మూడు రోజులు షుగరు బాగా ఎగబాకుతుంది. ఇంట్లో పరీక్షించుకుంటూ, మాత్రలో ఇన్సులినో ఎలా సర్దుకోవాలో అడిగి తెలుసుకోవాలి.

మానాల్సినవి వేరే ఉన్నాయి. బండి మీద పానీపూరీ, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, హోటల్ పచ్చళ్లు, పచ్చి కూరగాయల ముక్కలు, కాయని పాలు, సగం ఉడికిన గుడ్డు. తొక్క ఒలిచి తినే పండ్లు మంచివి: అరటి, కమలా, దానిమ్మ. పంపరపనస మాత్రం డాక్టరుని అడగకుండా పెట్టకండి, అది కొన్ని మందుల పనిలో జోక్యం చేసుకుంటుంది.

రసాలు ఆపేయండి. పచ్చి గడ్డి నూరి తీసిన రసంలో మట్టిలోని సూక్ష్మజీవులు ఉండొచ్చు, తెల్లకణాల కౌంట్ తగ్గిన మనిషికి అది ప్రమాదం. తిప్పతీగ సంగతి ఇంకా సూటిగా చెబుతాను. కరోనా రోజుల్లో అది విరివిగా వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్న వైనాన్ని ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. కీమో మందులు చాలావరకు అరిగేది కాలేయంలోనే. ఆయుర్వేదం మీద నాకు కోపం లేదు. ఏది వాడుతున్నారో చెప్పకుండా వాడటం మీదే కోపం.

ఇక ఎలా పెట్టాలి? మూడు పూటలా కంచం నిండా పెట్టి తినలేదని బాధపడకండి. రెండు గంటలకొకసారి కొంచెం కొంచెం పెట్టండి. వికారం ఉన్న రోజుల్లో పోపు వాసనే పడదు, అప్పుడు చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం, ఉప్పేసిన మజ్జిగ, రాగి జావ నిలుస్తాయి. నోరు పూస్తే ఆవకాయ, చింతపండు పులుసులు పక్కన పెట్టి మెత్తటి పప్పన్నంలో నెయ్యి వేయండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా తినే సోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించమనండి. నాలుక మీద తెల్లగా పెరుగు మరకలా పూస్తే అది ఫంగస్, దానికి మందుంది. నీళ్ల విరేచనాలు రోజుకు నాలుగు దాటితే ఓఆర్ఎస్ మొదలుపెట్టి ఆస్పత్రికి ఫోన్ చేయాలి. పేగు క్యాన్సర్ మందుల్లో అది మామూలు ఇబ్బందే, కానీ నిర్లక్ష్యం చేస్తే మనిషిని పడగొడుతుంది.

అత్తమ్మకు ఆక్సాలిప్లాటిన్ ఎక్కిచ్చి తోలిచ్చిన్రు. తెల్లారి ఫ్రిజ్ నీళ్లు తాగంగనే గొంతు పట్టేసినట్టయి ఊపిరాడలేదు. అందరం ఏడ్చినం. పావుగంటకు తగ్గింది. గిట్లెందుకయితది?
*– జగిత్యాల*

ఆ మందు లక్షణమే అది. చలి తగిలితే నరాలు కాసేపు బిగుసుకుపోతాయి. గొంతు మూసుకుపోయినట్టు అనిపిస్తుంది కానీ నిజంగా మూసుకుపోదు. గోరువెచ్చని నీళ్లు తాగి, మెల్లగా ఊపిరి పీల్చమనండి, తగ్గుతుంది. ముఖం వాచడం, దద్దుర్లు, గురక ఉంటే మాత్రం అది అలర్జీ. అప్పుడు ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోండి.

ఎక్కించాక వారం దాకా ఫ్రిజ్ ముట్టొద్దు, ఐస్‌క్రీమ్, చల్లటి షర్బత్ వద్దు. ఏసీ గాలి ముఖానికి కొట్టకుండా కూర్చోబెట్టండి. పొద్దున్నే చన్నీళ్లతో గిన్నెలు తోమే పని అత్తమ్మకి పెట్టకండి. మీ దగ్గర చలికాలం గట్టిగానే ఉంటుంది, కాళ్లకు సాక్సులు, చెప్పులు ఇంట్లో కూడా వేయండి. వేడి కోసం వేడినీళ్ల సంచి పెట్టొద్దు, మొద్దుబారిన కాలికి కాలినా తెలియదు.

ఇది వచ్చిపోయే బాధ. దీని వెనక వచ్చి ఉండిపోయేది ఇంకొకటి ఉంది. సైకిళ్లు పెరిగేకొద్దీ వేళ్ల చివర తిమ్మిరి తగ్గకుండా నిలబడుతుంది. రవిక హుక్కులు పెట్టుకోలేకపోవడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, బియ్యంలో రాయి వేలికి తగలకపోవడం. ఇవి కనబడితే డాక్టరుకి చెప్పాలి. చెబితే మందు ఆపేస్తారేమోనని చాలామంది దాస్తారు. తగ్గించాల్సిన సమయంలో తగ్గించకపోతే ఆ తిమ్మిరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పాక్లిటాక్సెల్ వాడేవారికీ ఈ మాట వర్తిస్తుంది.

నాకు కీమో నడుస్తోంది. ఏడో నెల నిండాక మా అమ్మాయిని పురిటికి తెచ్చుకోవాలి. నా దగ్గర ఉంటే కడుపులో బిడ్డకు ప్రమాదమని వియ్యపురాలు పంపనంటోంది. నిజమేనా?
*– ఒక తల్లి, అనంతపురం*

పంపమనండి. క్యాన్సర్ అంటుకోదు, కీమో గాలిలో రాదు. పక్కన కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా, కౌగిలించుకున్నా కడుపులో బిడ్డకి ఏమీ కాదు. ఒక్క జాగ్రత్త ఉంది. కీమో ఎక్కించాక 48 గంటలు, కొన్ని మందులకి ఇంకొంచెం ఎక్కువ, మీ మూత్రం, మలం, వాంతిలో మందు అవశేషాలు ఉంటాయి. ఆ రెండు రోజులూ మరుగుదొడ్డి మూత వేసి రెండుసార్లు నీళ్లు వదలండి. వాంతి పట్టిన బేసిను, తడిసిన బట్టలు మీ అమ్మాయి ముట్టుకోకూడదు. వేరొకరు చేతికి గ్లవుజులు వేసుకుని విడిగా ఉతకాలి. కీమో మాత్రలుంటే వాటినీ ఆమె చేత్తో తీసివ్వకూడదు.

బిడ్డ పుట్టాక జాగ్రత్త మీవైపు తిరుగుతుంది. చూడటానికి వచ్చే జనం తెచ్చే జలుబులు మీకు మంచివి కావు. పసివాడికి పోలియో, రోటా చుక్కలు వేశాక కొన్ని వారాలు గుడ్డలు మార్చే పని మీరు పెట్టుకోకండి. ఎత్తుకోవడం, ఆడించడం నిక్షేపంగా చేయండి. పురుడు కీమో రోజుతో కలవకుండా తేదీలు ముందే డాక్టరుతో మాట్లాడితే సర్దుతారు.

నాకు 24 ఏళ్లు. హాడ్జ్‌కిన్ లింఫోమా అన్నారు. ఏబీవీడీ అనే కీమో ఆరు సైకిళ్లు, వచ్చే వారం మొదలు. తర్వాత పిల్లలు పుడతారా? అమ్మానాన్న పక్కనే ఉండటం వల్ల డాక్టరును అడగలేకపోయాను.
*– వరంగల్*

ఆ ప్రశ్న వచ్చే వారం లోపలే అడగాలి. మొదటి కీమోకి ముందే వీర్యం దాచిపెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో సంతాన సాఫల్య కేంద్రాలు చాలావాటిలో ఆ సదుపాయం ఉంది. రెండు మూడు రోజుల పని. ఏబీవీడీతో శాశ్వతంగా సంతానశక్తి పోయే అవకాశం తక్కువే, అయినా జబ్బు తిరిగొచ్చి గట్టి మందులు వాడాల్సి వస్తే అప్పుడు దాచుకోవడానికి ఏమీ ఉండకపోవచ్చు. కీమో మొదలైతే ఈ అవకాశం మూసుకుపోతుంది కాబట్టి ఇవాళే ఫోన్ చేయండి. ‘అమ్మానాన్నలను కాసేపు బయట కూర్చోమనండి’ అని డాక్టరుతో అనండి, ఏ డాక్టరూ తప్పుపట్టరు. ఆడపిల్లలకు అండాలు దాచే పద్ధతి ఉంది, దానికి రెండు వారాల దాకా పడుతుంది.

మీ జబ్బు క్యాన్సర్లలో బాగా నయమయ్యే వాటిలో ఒకటి. పెళ్లి, పిల్లలు అన్న ఆలోచన మీకు రావడం చాలా సబబు. రెండు వారాలకొకటి చొప్పున ఆరు నెలలు పడుతుంది. ఆ కాలంలో, తర్వాత మీ డాక్టరు చెప్పేదాకా గర్భం రాకుండా జాగ్రత్త పడాలి.

నాన్నకి ‘గడ్డ, మందులతో కరిగిపోతుంది’ అని చెప్పాం. కీమో అని చెప్పలేదు. జుట్టు ఊడితే ఏమని చెప్పాలి?
*– నంద్యాల*

నిజం చెప్పాలి. మీ నాన్నగారు క్యాన్సర్ వార్డులో, క్యాన్సర్ బోర్డు కింద, తనలాంటి మరో పాతికమంది మధ్య కూర్చుని సెలైన్ ఎక్కించుకుంటున్నారు. ఆయనకి తెలియదని మీరనుకుంటున్నారు. ఆయన మీకోసం తెలియనట్టు ఉంటున్నారేమో.

ఇంకో కారణం ఉంది. చేతి మంట, రాత్రి చలి, వేళ్ల తిమ్మిరి ముందు తెలిసేది ఆయనకే. దేనికి భయపడాలో తెలియని మనిషి దేన్నీ చెప్పరు. మీరు చెప్పలేకపోతే డాక్టరుని చెప్పమనండి, మేం రోజూ చేసే పనే.

జుట్టు అన్ని మందులకూ పోదు. డాక్సోరుబిసిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్‌కి దాదాపు పూర్తిగా పోతుంది, కనుబొమలు కూడా పలచబడతాయి. కేపసిటాబిన్, ఆక్సాలిప్లాటిన్, జెమ్‌సిటాబిన్‌కి పలచబడితే పలచబడుతుంది. మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకి మొదలై, ఆఖరి కీమో అయిన రెండు మూడు నెలల్లో మళ్లీ మొలుస్తుంది. కొందరికి ఉంగరాలుగా వస్తుంది. ఊడకముందే తిరుమల వెళ్లి మొక్కు తీర్చుకుని గుండు చేయించుకునే వాళ్లు మా పేషెంట్లలో చాలామంది. వెళ్లేదుంటే కీమో మొదలవకముందే వెళ్లండి, కౌంట్ తగ్గిన వారంలో క్యూ కాంప్లెక్సులో నిలబడొద్దు. ఇంటి దగ్గరైతే కత్తితో కాకుండా మిషనుతో తీయించండి.

కౌంట్ తక్కువుందని కీమో వారం వాయిదా వేశారు. ఈలోగా గడ్డ పెరిగిపోదా?
*– కాకినాడ*

ఒక వారం వాయిదాతో మామూలుగా ఏమీ కాదు. తగ్గిన కౌంట్ మీద మందు పోస్తే ప్రాణం మీదికి వస్తుంది. వాయిదా వేసిన డాక్టరు సరిగ్గానే చేశారు.

కీమో అంటే విషమే కదా, యుద్ధంలో వాడిన విషవాయువు నుంచి పుట్టిందని చదివాను. నిజమా?
*– ఇంటర్ విద్యార్థి, భీమవరం*

సగం నిజం. మస్టర్డ్ వాయువుకి దగ్గరి చుట్టమైన నైట్రోజన్ మస్టర్డ్‌ను 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో లింఫోమా రోగికి మొదటిసారి వాడారు. ఇందాక ఒకచోట రాసిన సైక్లోఫాస్ఫమైడ్ ఆ వంశానిదే. రెండో పాయ మాత్రం మీ ఊరి మనిషి దగ్గర మొదలైంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహిస్తున్నప్పుడు ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తర్వాత దాన్ని అడ్డుకునే అమైనోప్టెరిన్‌ను కూడా తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును ల్యుకేమియా పిల్లలకిచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. అంతకుముందు మందుతో ఆ జబ్బు అలా తగ్గిన ముఖం ఎవరూ చూడలేదు. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. అమైనోప్టెరిన్‌కి తమ్ముడైన మిథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల ల్యుకేమియాలో వాడుతున్నాం, చిన్న మోతాదులో కీళ్లవాతానికి కూడా.

విషం అన్న మాటకి నాకు అభ్యంతరం లేదు. మోతాదు లెక్కగట్టడానికి అంత అవస్థ పడేది అందుకే.

మాది విజయనగరం జిల్లా. ప్రతి మూడు వారాలకీ ముంబై తీసుకెళ్తున్నాం. ఖర్చు భరించలేకపోతున్నాం.
*– ఒక పాఠకుడు*

ముందు ఒకటి అడగండి: ‘ఈ మందులే మా దగ్గర్లో ఎక్కించుకుని, స్కాన్‌కి మాత్రం ఇక్కడికి వస్తే సరిపోతుందా?’ చాలా కీమోలకు జవాబు సరిపోతుందనే. మీకు దగ్గర్లో విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ వారిదే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యశ్రీ కింద కీమో ఉంది. మీ రాష్ట్రంలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. బయాప్సీ రిపోర్టు, కార్డు పట్టుకుని ఆస్పత్రిలో ఆ పథకం సిబ్బందిని కలవండి.

ముంబై తప్పదంటే రైలు రాయితీ వాడుకోండి. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ పేషెంటుకి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ పూర్తిగా మినహాయింపు, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం. సెకండ్ ఏసీలో ఇద్దరికీ 50 శాతం. రైల్వే వారి నమూనా పత్రం మీద ఆస్పత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉంటే చాలు. ఆ కాగితం ఎవరూ పిలిచి ఇవ్వరు, వెళ్లినప్పుడు మీరే అడిగి తీసుకోండి.